ఏం తిన్నావు?

“ఏ కూరలో వేశారో అది చెప్పండి చాలు, సుమన్‌తాయీ. ఇంకేం అడగను.”

తాయీ అని అక్కవరస కలుపుతూనే పొద్దుటి నుంచి నళిని ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు. ఆసుపత్రి నుంచి కూతుర్ని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టగానే వియ్యపురాలు కాబోతున్న మనిషికి ఫోను చేసి, ఉన్నపళంగా రమ్మంది. సుమన్ శేటే కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. హాల్లో కుర్చీ అంచున కూచుని, కొంగు భుజాల చుట్టూ బిగించుకుంది.

“వెయ్యలేదండీ. కొత్త మూకుడు కొన్నాను. వంటగట్టు మూడు నీళ్లతో కడిగించాను. పల్లీల డబ్బాలన్నీ మా తోటికోడలింటికి పంపేశాను. గానుగ ఆడించే ఇంట్లో బజారు నూనె వాడాను తాయీ! పొద్దుతిరుగుడు నూనె సంచీలో అడుగున పెట్టి, పైన మెంతికూర కప్పి తెచ్చుకున్నాను, వీధిలో ఎవరైనా చూస్తే నవ్వుతారని.”

“మరి నా పిల్ల ఎలా పడిపోయింది? గాలి సోకిందా?”

సుమన్ కుర్చీలో ఇంకాస్త ముందుకు జరిగింది. నళిని ఆగలేదు.

“నెల కిందట ఇదే కుర్చీలో కూచుని ఏమన్నారు మీరు? రోజూ చిటికెడు చిటికెడు తినిపిస్తే అదే అలవాటైపోతుంది అన్నారా, లేదా?”

“అన్నాను.”

“అలవాటు చెయ్యబోయారు. అంతేగా?”

“అనడం వేరు, చెయ్యడం వేరు తాయీ. మా కాలంలో ఇలాంటివి వినలేదు. తెలియక ఏదో అన్నాను. ఉన్మేష్ అంతా విడమర్చి చెప్పాక మళ్లీ ఆ మాట ఎత్తానేమో అడగండి వాణ్ని.”

కిటికీ దగ్గర నిలబడ్డ ఉన్మేష్ కదిలాడు. “కాకూ, ఇప్పుడవన్నీ ఎందుకు...” అన్నాడు నళినితో, పిన్నిని పిలిచినట్టు.

“నువ్వు ఊరుకో బాబూ. నిన్నేమీ అనట్లేదు. నువ్వే గనక దాన్ని ఎత్తుకుని కారు దాకా పరిగెత్తకపోతే ఇవాళ నేనిలా మాట్లాడుతూ ఉండేదాన్నా?” నళిని గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. “తల్లి చేసిందానికి నువ్వు తల దించుకోనక్కర్లేదు.”

ఉన్మేష్ తల దించుకున్నాడు.

ఓరగా వేసిన తలుపు సందులోంచి, లోపల మంచం మీద ఉన్న కేతకికి అతని భుజమూ, చెంపలో సగమూ కనిపిస్తున్నాయి. మాటలన్నీ వినిపిస్తున్నాయి. ఎవరి ఇంట్లోనో, ఎవరి గురించో జరుగుతున్న గొడవలాగా ఉంది. కళ్ల కింద వాపు ఇంకా తగ్గలేదు. పెదాలు తనవి కానట్టున్నాయి. మిరజ్‌లో ఆమె పనిచేసే వినికిడి క్లినిక్‌కి వచ్చే ముసలివాళ్లు, మొదటిసారి యంత్రం చెవిలో పెట్టగానే ఒక మాటంటారు: అంతా వినబడుతోందమ్మా, కానీ ఎక్కడో దూరంగా. ఇప్పుడు ఆమెకి సరిగ్గా అలాగే ఉంది.

ఒక సంగతి మాత్రం దగ్గరగా ఉంది. ఆదివారం శేటే ఇంట్లో, విస్తరి ముందు కూచోకముందే ఆమె పెదవి దురద పెట్టింది.

పల్లీ రవ్వంత తగిలినా కేతకికి ఊపిరాడదు, అందుకని నళిని ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంటి గడప పల్లీని దాటనివ్వలేదు. వేరుశనగ పండే సాంగ్లీలాంటి ఊళ్లో అది మాటలు కాదు. ఉపవాసం రోజు సగ్గుబియ్యం కిచిడీలో పల్లీపొడి, పెరుగుపచ్చడిలో పల్లీపొడి, వీధి చివర అమ్మే మసాలా మరమరాల్లో పల్లీలు. గణపతి పందిట్లో ప్రసాదం విషయమై ఆమె కమిటీ వాళ్లతో పోట్లాడింది. భర్త పోయిన ఏడాది కర్మకాండకి వచ్చిన వంటవాళ్ల సంచులు సోదా చేసింది. “పోలీసమ్మ” అని పేరు పెట్టారు వాడలో. ఆమె పట్టించుకోలేదు.

అలాంటి ఇంటి పిల్ల, వేరుశనగ గానుగ నడిపేవాళ్ల అబ్బాయిని ప్రేమించింది.

అంతకు ముందు ఇద్దరు వచ్చి వెళ్లారు. పుణెలో చదివేటప్పుడు పరిచయమైనవాడు ఒకసారి నలుగురిలో, “దీన్ని ముద్దు పెట్టుకోవాలంటే ముందు హోటల్ బిల్లు చూపించాలిరా” అన్నాడు. అందరూ నవ్వారు, కేతకి కూడా నవ్వింది, ఆ తర్వాత వాడి ఫోను ఎత్తలేదు. పెళ్లిచూపులకి వచ్చిన ఇంకొకడు ఉప్మా తింటూ, “రేపు పిల్లలకీ ఇదే వస్తుందా?” అని అడిగాడు. ఉన్మేష్ ఏమీ అడగలేదు. గానుగ దగ్గర స్నానం చేసి, చొక్కా మార్చుకుని, బండి పెట్టెలో పళ్ల బ్రష్షు పెట్టుకుని వచ్చేవాడు. సూది మందు ఎలా ఎక్కించాలో నిమ్మకాయ మీద నేర్చుకున్నాడు. ప్రేమలో పడ్డవాళ్లు “తిన్నావా?” అని అడుగుతారు. వీళ్లిద్దరి మధ్య “ఏం తిన్నావు?” అన్నది మాట. అతను నిజం చెప్పేవాడు. ఫలానాది తిన్నాను, ఇవాళ వద్దు అనేవాడు. ఆ “వద్దు” వినే కేతకి అతన్ని పెళ్లాడాలనుకుంది.

ఆదివారం శేటే ఇంట్లో నిశ్చితార్థం ముహూర్తం మాట్లాడుకుని భోజనాలు చెయ్యాలని పిలిచారు. పెద్దవాళ్లు లోపల ఉన్నారు. మేడమెట్ల మలుపులో ఉన్మేష్ ఎదురొచ్చాడు. ఆమె అలవాటుగా, “ఏం తిన్నావు?” అంది.

“ఏమీ తినలేదు. నీ కోసం కడుపు మాడ్చుకుని కూచున్నా” అన్నాడు నవ్వుతూ.

ముద్దు పెట్టుకున్నప్పుడు అతని నోట్లో వెల్లుల్లి కారం తగిలింది. పల్లీ రుచి ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. వెల్లుల్లి మాత్రం తెలుసు.

హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. సుమన్ లేచినట్టుంది.

“నేను వెళ్తాను తాయీ. పిల్లని ఒకసారి చూడొచ్చా?”

“పడుకుంది.”

“సరే.”

“ఒక్క మాట వినండి. మా అన్నయ్య శుక్రవారం కొల్హాపూర్ నుంచి వస్తున్నాడు. నిజం ఒప్పుకుంటే ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే పోలీస్‌స్టేషన్‌కి వెళ్తాం.”

సుమన్ గుమ్మంలో చెప్పులు వేసుకునేటప్పుడు ఒక చెప్పు దొరకక కాలితో వెతుక్కోవడం కేతకి చూసింది. చెప్పు ఆమె ముందే ఉంది.

*

నళిని మందుల షాపుకి వెళ్లింది. తల్లిని ఆటో ఎక్కించి వచ్చిన ఉన్మేష్ మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు.

“ఎలా ఉంది?”

“ఏమీ తెలియట్లేదు.”

“నొప్పిగా ఉందా?”

“అదీ తెలియట్లేదు.”

దుప్పటి సరిచేశాడు. ఫ్యాన్ స్పీడు తగ్గించి, మళ్లీ పెంచి, వచ్చి కూచున్నాడు.

“ఉన్మేష్, ఆదివారం ఏం తిన్నావు?”

“చెప్పానుగా. ఏమీ తినలేదని.”

“ఏమీ తినని నోట్లో వెల్లుల్లి ఎక్కణ్నుంచి వచ్చింది?”

బయట ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నారు. అది స్టార్టయి వెళ్లిపోయేదాకా అతను ఆగాడు.

“కొత్త పంట మొదటి గానుగ ఆ రోజు. పనివాళ్లంతా జొన్నరొట్టె, వెల్లుల్లి వేసి దంచిన పల్లీచట్నీ పెట్టుకుని పూజ చేస్తారు. యజమాని ముద్ద తీసుకోకపోతే వాళ్లు ముట్టరు. వేలికి అంటినంత, కేతకీ. ఒట్టు. నోరు కడుక్కున్నాను కూడా.”

“అది చెప్పొచ్చుగా.”

“చెప్తే నువ్వు వెనక్కి జరుగుతావు.”

“జరుగుతాను.”

“అదే! ప్రతిసారీ జరుగుతావు.” అతని గొంతు కొంచెం పైకి లేచి, తలుపు వైపు చూసి మళ్లీ దిగింది. “పైఠణీ పట్టుచీర కట్టుకుని మెట్లెక్కుతున్నావు. మా ఇంట్లో, మా మెట్ల మీద. ఒక్కసారి అందరిలాగా ఉందామనిపించింది. రెండేళ్లయింది. ముద్దుకి ముందు బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. ఎప్పుడైనా నాకూ విసుగొస్తుందని నీకు తట్టలేదా?”

“తట్టింది.”

ఆ జవాబు అతను ఊహించలేదు.

“విసుగొస్తే విసుగొచ్చిందని చెప్పాలి. ఇవాళ వద్దు కేతకీ, నేను తిన్నాను, నాకు విసుగ్గా ఉంది అనాలి. ఏడ్చేదాన్ని. ఏడిస్తే చావరు కదా.”

ఉన్మేష్ చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. అతని వీపు కదులుతోంది. ఏడుస్తున్నాడని ఆమెకు అర్థమైంది. ఇదివరకైతే చెయ్యి దానంతటదే వెళ్లి అతని జుట్టులో ఉండేది. ఇప్పుడు దుప్పటి మీదే ఉండిపోయింది.

“సరే. మా అమ్మ వచ్చాక చెప్పు” అంది.

అతను తలెత్తాడు. కళ్లు తుడుచుకున్నాడు.

“చెప్తే ఈ పెళ్లి జరుగుతుందా?”

“తెలియదు.”

“నాకు తెలుసు. జరగదు. కాస్త ఆలోచించు. మీ అమ్మ మా ఆయీని నాలుగు రోజులు తిడుతుంది. ఆ తర్వాత, పెద్దావిడ, చాదస్తం, తెలియక చేసింది అని సర్దుకుంటుంది. మనం ఎటూ వేరే ఇల్లు తీసుకుంటాం. అదే నేనని తెలిస్తే... ఆవిడ నన్ను గుమ్మం కూడా తొక్కనివ్వదు.”

“మీ అమ్మని పోలీసుల దగ్గరికి తీసుకెళ్తానంటోంది.”

“ఉత్త బెదిరింపు. అక్కడిదాకా రాదు. నేను చూసుకుంటా.”

“ఎలా?”

“చూసుకుంటానన్నానుగా. నువ్వు మాత్రం ఏమీ అనకు. అనవు కదూ?”

కేతకి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ మౌనాన్ని అతను ఒప్పుకోలు కింద తీసుకున్నాడు. వంగి ఆమె నుదురు ముట్టుకోబోయి, ఏం గుర్తొచ్చిందో ఆగిపోయి, దుప్పటి మీదుగా పాదాన్ని ఒకసారి నొక్కి వెళ్లాడు.

తాను ఎందుకు మాట్లాడలేదో ఆమెకు తర్వాత కూడా తెలియలేదు. అతన్ని కాపాడాలని కాదు. తానుగా వచ్చి చెప్తాడని ఇంకా ఎదురుచూస్తోంది కాబోలు. ఆ ఎదురుచూపులో కూడా వేడి లేదు, ఆగిపోయిన బస్సులో కూచున్నట్టు ఉంది.

*

గురువారం మధ్యాహ్నం సుమన్ మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరూ పిలవలేదు. ఉన్మేష్ బండి మీద దించి తను కిందే ఉండిపోయాడు.

కేతకి లేచి తిరుగుతోంది. హాల్లో తల్లి పక్కన కూచుని మెత్తటి అన్నం తింటోంది. సుమన్ కూచోలేదు. నిలబడే ఉంది. అప్పజెప్పాల్సిన పాఠం మర్చిపోకముందే చెప్పేయాలన్న తొందర ఉంది ఆమె ముఖంలో.

“నేనే వేశాను నళినీతాయీ.”

నళిని చేతిలో గరిటె ఆగింది.

“ఏమన్నారు?”

“నేనే. పల్లీపొడి. అలవాటవుతుందని. నాది బుద్ధి తక్కువ పని. మీరేమన్నా పడతాను. పిల్లల పెళ్లి మాత్రం ఆపకండి.”

“వేశారా!” నళిని లేచింది. “విన్నావా కేతకీ? నేను మొదటి రోజే చెప్పాను! ఈ నోటితోనే కదండీ, మూడు నీళ్లతో కడిగాను, కొత్త మూకుడు కొన్నాను అని అన్నీ వల్లించారు? నా ఎదురుగా కూచుని!”

“అవును. అబద్ధమాడాను.”

“ఏ కూరలో?”

సుమన్ కళ్లు ఒక్క క్షణం గోడమీదా, నేలమీదా వెతికాయి.

“దోసకాయ పెరుగుపచ్చడిలో.”

“పెరుగుపచ్చడి నేను వడ్డించుకోలేదు కాకూ” అంది కేతకి. “పప్పన్నం రెండు ముద్దలు తిన్నాను, అంతే.”

“అయితే పప్పులో.”

“పప్పులోనా?”

“నువ్వు దేన్ని తింటే దాన్లో. ఎందుకమ్మా తరచి తరచి అడుగుతావు? వేశానన్నాను కదా!”

పచ్చడి కాస్తా పప్పు కావడం నళినికి వినబడలేదు. నాలుగు రోజులుగా కావాలని పట్టుబట్టిన మాట చేతికి చిక్కింది. అది చిక్కాక ఏం చెయ్యాలో ఆమెకు తోచడం లేదు. కాస్త అటూ ఇటూ తిరిగి, “మా అన్నయ్యకి చెప్పాలి” అంటూ ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు జేరవేసింది.

కేతకి పళ్లెం పక్కన పెట్టింది.

“మీకు ఎప్పుడు చెప్పాడు?”

సుమన్ ఆమె వైపు చూసింది. ఆ పిల్లకి తెలుసన్న సంగతి ఆమెకు తెలియదు. కొంగుతో మెడ తుడుచుకుని నెమ్మదిగా కుర్చీలో కూలబడింది.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“నిన్న పొద్దున చెప్పాడు. దేవుడి దగ్గర దీపం పెడుతుంటే వచ్చి నా పక్కన కూచున్నాడు. చిన్నప్పుడు బడిలో ఎవరినైనా కొట్టొస్తే అలాగే వచ్చి ఆనుకుని కూచునేవాడు. మెట్ల మీద ఇలా జరిగింది ఆయీ, నువ్వు ఒప్పేసుకో, నువ్వైతే అందరూ మర్చిపోతారు, అన్నాడు.”

“మీరు సరేనన్నారు.”

“నాకు పోయేదేముంది తల్లీ? పెళ్లయ్యాక నన్ను నీ వంటింటి గడప తొక్కనివ్వకు. మీ అమ్మ ఊరంతా చెప్పుకోనీ. వాడు నువ్వంటే పడి చస్తాడు. ఒక్క పూట కక్కుర్తి పడ్డాడు. మగపిల్లాడు. నేర్చుకుంటాడు.”

సుమన్ కాసేపు తన చేతుల్ని చూసుకుంది. ఏళ్ల తరబడి నూనె పట్టి నున్నబడ్డ చేతులు. రావడానికి ముందు సబ్బుతో గట్టిగా రుద్దుకున్నట్టుంది, వేళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఆ రోజు కార్లో నీ తల నా ఒళ్లో ఉంది” అంది. “నీ పెదాలు నీలంగా అయిపోయాయి. నేనే చంపేశాననుకున్నాను. ఇంటికి వెళ్లి ప్రతి గిన్నె మూత తీసి వాసన చూశాను. ఏ గరిటె కడగడం మర్చిపోయాను, ఏ గుడ్డతో తుడిచాను అని. అన్నం సయించలేదు. నిన్నటిదాకా నేనే అనుకున్నాను.”

ఆగింది. కొంగు అంచు వేలికి చుట్టి విప్పింది.

“వాడు పక్కనే కూచుని చూస్తున్నాడు. నేను గిన్నెలు వాసన చూస్తుంటే.”

ఫిర్యాదులా అనలేదు. జరిగింది చెప్పినట్టు చెప్పింది. చెప్పాక మాత్రం, ఆ మాట తనకే కొత్తగా వినబడ్డట్టు ఉలిక్కిపడింది.

కేతకి ఫోను తీసింది.

“ఉన్మేష్, పైకి రా.”

“మీ అమ్మ ఏమంటోంది?” అతని గొంతులో ఆత్రం.

“రా. మీ ఆయీ చెప్పేది నువ్వూ వినాలి.”

అతను రెండేసి మెట్లు ఎక్కి వచ్చినట్టున్నాడు, గుమ్మంలో రొప్పుతున్నాడు. అప్పుడే నళిని బాల్కనీలోంచి వచ్చింది. ముగ్గురూ ఆ చిన్న హాల్లో నిలబడ్డారు, సుమన్ ఒక్కతే కుర్చీలో ఉంది.

“కాకూ, ఇందాక అన్న మాట ఇంకొకసారి అనండి” అంది కేతకి. “ఉన్మేష్ వినలేదు.”

సుమన్ కొడుకు ముఖంలోకి చూసింది. ఎక్కువసేపే చూసింది.

“నేనే వేశాను.”

కింది వాటాలో కుక్కరు కూత వేసి ఆగింది. కేతకి అతన్నే చూస్తోంది. అతను నోరు విప్పడానికి కావలసినంత చోటు ఇచ్చింది. అబద్ధం ఆయీ, నువ్వు కాదు, నేను. నాలుగు మాటలు. అవి వస్తే తర్వాత ఏం చెయ్యాలో ఆమె ఆలోచించుకోలేదు. వస్తాయా అన్నదే చూస్తోంది.

ఉన్మేష్ తల్లి ముందు మోకాళ్ల మీద కూచున్నాడు. ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“పోనీలే ఆయీ” అన్నాడు మెల్లగా. “ఇప్పటికైనా ఒప్పుకున్నావు. అదే చాలు. కేతకిది పెద్ద మనసు. నిన్ను క్షమిస్తుంది.”

నళిని కళ్లు చెమర్చాయి. “చూశారా సుమన్‌తాయీ? ఎలాంటి కొడుకుని కన్నారో! ఇంకొకడైతే తల్లిని నాలుగు దులిపేవాడు.” అంటూ అతని భుజం తట్టింది. “లేవండి అల్లుడుగారూ, లేవండి.”

ఆదివారం తర్వాత ఆమె అతన్ని అల్లుడుగారూ అనడం అదే మొదలు.

కోపం వస్తుందేమోనని కేతకి ఒక క్షణం ఆగి చూసుకుంది. రాలేదు. లోపల ఏదో చిన్న దీపం ఆర్పేసినట్టు మాత్రం తెలిసింది, అది కూడా ఎవరో పక్కగదిలో ఆర్పినట్టు.

“ఉన్మేష్, నువ్వు వెళ్లు” అంది.

అతను లేచి నవ్వబోయాడు. “ఇప్పుడే కదా వచ్చాను...” ఆమె ముఖం చూశాక నవ్వు సగంలో ఆగింది. తల్లి వైపు తిరిగాడు. “సరే. ఆయీ, పద. కేతకి పడుకోవాలి.”

సుమన్ కొడుకు చేతుల్లోంచి తన చేతులు వెనక్కి తీసుకుంది. ఒక్కొక్కటిగా, తొందర లేకుండా. ఒళ్లో పెట్టుకుంది.

“నువ్వెళ్లు” అంది. “నాకు నళినీతాయీతో కొంచెం పని ఉంది.”

“ఏం పని ఆయీ?”

“ఏ కూరలో అని అడిగారుగా, ఆ సంగతి” అంది ఆమె, నళిని వైపు తిరిగి. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి ఉన్న నళిని, ఇంకా చిరునవ్వుతోనే, ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూస్తోంది. కేతకి ఇంకో కుర్చీ లాక్కుని, సుమన్ పక్కన కూచుంది.